ఇంటర్‌పెనెట్రేటా, పర్మియేటా, మింగిలా: ఏది ఎక్కడ మేలు?

మొన్న మారతహళ్ళి పీజీలో ఉండే మా పిన్ని కొడుకు ప్రాజెక్ట్ రిపోర్ట్ ఒకసారి చూడమని పంపాడు, ఒక్క పేజీలోనే నాలుగు చోట్ల ఇంటర్‌పెనెట్రేట్, ఏంట్రా ఇది అంటే "వెయిట్‌గా ఉంటదన్నా" అంటాడు. వెయిట్ సరే, అర్థం కుదరాలి కదా.

పోపులో ఇంగువ వేస్తే వాసన ఇల్లంతా పట్టేస్తుంది, ఇల్లు మాత్రం వెళ్ళి ఇంగువలో దూరదు. అది పర్మియేట్. లాటిన్‌లో పెర్ అంటే గుండా, మెయారే అంటే వెళ్ళడం, కాబట్టి వన్‌వే అన్నమాట. మింగిల్ అంటే జనం మధ్య జనం కలిసి తిరగడం, ఎవరి ఒళ్ళు వాళ్ళదే.

ఇంటర్‌పెనెట్రేట్‌కి మాత్రం రెండు వైపులా రాకపోకలు ఉండాలి, దాంట్లోకి ఇది, దీంట్లోకి అది చొచ్చుకుపోవాలి. మన అలంకారశాస్త్రంలో రెండు అలంకారాలు విడివిడిగా కనబడేలా కలిస్తే సంసృష్టి, దానికి నువ్వులూ బియ్యం పోలిక, విడదీయలేనట్టు కలిస్తే సంకరం, దానికి పాలూ నీళ్ళ పోలిక చెప్తారు కదా, ఈ మాట ఆ రెండోదానికే దగ్గర, కానీ పాలూ నీళ్ళలా ఏది ఏదో తెలీకుండా పోనక్కర్లేదు. కెమిస్ట్రీ వాళ్ళ ఇంటర్‌పెనెట్రేటింగ్ పాలిమర్ నెట్‌వర్క్ చూడండి, రెండు వలలు అణువుల లెవెల్లో ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి, వాటి మధ్య కోవేలెంట్ బాండ్, అంటే పరమాణువుల్ని కలిపి కట్టే బంధం, ఉండదు, అయినా ఆ వలల లోపలి బాండ్లు తెంపితే తప్ప విడదీయలేం. కోలారు వైపు నుంచి బెంగళూరు వచ్చిన మా కొలీగ్ మాట్లాడితే నాకు ఇదే గుర్తొస్తుంది, తెలుగులో కన్నడం, కన్నడంలో తెలుగు, రెండూ ఉన్నాయి, విడదీద్దామంటే ఎక్కడ పట్టుకోవాలో తెలీదు.

డిక్షనరీల్లో దీనికి అంతటా వ్యాపించడం అనే వన్‌వే అర్థం కూడా ఇస్తారు, తప్పేం కాదు, కాకపోతే దానికి పర్మియేట్ ఉండగా ఇంత పొడుగు మాట ఎందుకు? ఇంకోటి, ఇంటర్‌లోనే పరస్పరం ఉంది, మళ్ళీ పక్కన ఈచ్ అదర్ తగిలించడం, రాసేవాళ్ళు చాలామందే ఉన్నారుగానీ, నాకైతే వెనక్కి రిటర్న్ రా అన్నట్టుంటుంది.

మావాడి నాలుగింట్లో మూడు కొట్టేశా, "కొత్త ప్రాసెస్ టీమ్‌లోకి ఇంటర్‌పెనెట్రేట్ అయింది" లాంటివి. డిజైన్ వాళ్ళు టెస్టులు రాస్తూ, టెస్టింగ్ వాళ్ళు డిజైన్ మీటింగుల్లో కూర్చునే సంగతి చెప్పిన నాలుగోది మాత్రం ఉంచేశా.