ప్రెస్ స్టార్ట్ 2పీ: ఎనిమిది గడుల్లో ఒదిగిన అక్షరం

1980ల నాటి జపాన్ సంస్థ నామ్కో ఆర్కేడ్ ఆటల (నాణెం వేసి ఆడే వీడియో గేమ్‌ల) తెరలపై కనిపించిన అక్షరాల ఆధారంగా రూపొందిన ‘ప్రెస్ స్టార్ట్ 2పీ’ ఫాంటును శీర్షికలకు నేను ఎంతో ఇష్టంగా వాడుతున్నాను. ప్రతి అక్షరమూ అడ్డంగా 8, నిలువుగా 8 గడుల చట్రంలోనే ఒదగాలి కనుక, గుండ్రని ఇంగ్లిషు ‘ఓ’కు కూడా నిజమైన వంపు ఉండదు, మూలల్లో మెట్లు మెట్లుగా పేర్చిన చతురస్రాలే కంటికి వంపు భ్రమను కలిగిస్తాయి. ఆ పొదుపులోని నేర్పు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. సైజును 8, 16, 24 పిక్సెళ్లుగా, అంటే 8 గుణిజాలలో పెడితేనే అంచులు పదునుగా నిలుస్తాయి; 13 పెట్టి చూస్తే గీతలు మసకబారి అందమంతా పోయింది. సన్నని ‘ఐ’ కూడా వెడల్పాటి ‘ఎం’ అంత చోటే తీసుకుంటుంది కాబట్టి పొడవైన వాక్యాలకు ఇది నప్పదు. గుడులు, కొమ్ములు, వత్తులు ఇన్ని తక్కువ గడుల్లో ఇమడడం ఎంత కష్టమో తెలిసినా, గ్రీకు, సిరిలిక్ లిపులున్న ఈ ఉచిత ఫాంటులో తెలుగు లేకపోవడం నాకు వెలితిగానే ఉంది.