కంటైనర్లలో ఎల్‌నావ్: మూడేళ్ల వాడకం తర్వాత

మధురవాడలోని మా చిన్న ఆఫీసు నుంచి రొయ్యల ఎగుమతి వ్యాపారుల కోసం నడిపే అప్లికేషన్లన్నీ డాకర్ కంటైనర్లలోనే (ఒక్కో ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో సహా విడిగా నడిపే పెట్టెల్లాంటివి) ఉంటాయి. వాటి లాగ్‌లు, అంటే ఎప్పుడు ఏం జరిగిందో అవి రాసుకునే ఫైళ్లు, చదవడానికి మూడేళ్లుగా నేను ఎల్‌నావ్ (lnav) అనే టెర్మినల్ ప్రోగ్రామ్ వాడుతున్నాను. వేర్వేరు ఫైళ్లను సమయాన్ని బట్టి ఒకే వరుసలో కలిపి చూపడం దీని అసలు బలం. ఇంగ్లిషు చిన్న ‘ఈ’ (e) అక్షరం నొక్కితే తరువాతి ఎర్రర్ దగ్గరకు, పెద్ద ‘ఈ’ (E) నొక్కితే వెనకటి ఎర్రర్ దగ్గరకు వెళ్తుంది. సెమికోలన్ నొక్కి ఎస్‌క్యూఎల్ (డేటాను ప్రశ్నించే భాష) రాస్తే, ఏ పేజీకి ఎన్ని 500 ఎర్రర్లు (సర్వర్ లోపాలు) వచ్చాయో అక్కడికక్కడే లెక్క తేలుతుంది.

మొదట్లో దీన్ని అప్లికేషన్ ఇమేజ్‌లోనే (కంటైనర్‌ను తయారుచేసే మూసలోనే) పెట్టి తప్పు చేశాను. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అధికారిక ఇమేజ్‌లో యాక్సెస్ లాగ్ అనేది నిజమైన ఫైలు కాదు, స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు (ప్రోగ్రామ్ తెరపైకి పంపే ప్రవాహానికి) వేసిన లింకు మాత్రమే. కాబట్టి లోపలికి వెళ్లి దాన్ని తెరిస్తే చదవడానికి ఏమీ దొరకదు. ఇప్పుడు ఎల్‌నావ్‌కు వేరే కంటైనర్ కేటాయించి, హోస్ట్‌లోని (కంటైనర్లు నడిచే అసలు కంప్యూటర్‌లోని) లాగ్ ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే అనుమతిస్తూ దానికి జోడిస్తున్నాను (మౌంట్). కంటైనర్‌ను నడిపే ఆదేశంలో ఐ, టీ (-i, -t) ఆప్షన్లు రెండూ ఇవ్వకపోతే తెర సరిగా రాదు. సెట్టింగులకూ, పాత ఆదేశాల చరిత్రకూ ఒక వాల్యూమ్ (కంటైనర్ పోయినా మిగిలే నిల్వ) ఇవ్వకపోతే కంటైనర్‌తో పాటే అవీ పోతాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది సమయం. ఒకసారి రాత్రి 9.10కి ఆర్డర్లు ఆగిపోయాయి. డేటాబేస్ కంటైనర్ మన సమయంలో 21.10 అని రాస్తే, అప్లికేషన్ కంటైనర్ అదే క్షణాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) 15.40 అని రాసింది. రెండింటి మధ్య అయిదున్నర గంటలు తేడా ఉండటంతో, కలిపిన వరుసలో అప్లికేషన్ ఎర్రర్ ఎంతో ముందే వచ్చినట్లు కనిపించింది. డేటాబేస్ కనెక్షన్ తెగడమే కారణమని గ్రహించేసరికి తెల్లవారింది. ఇందులో ఎల్‌నావ్ తప్పేమీ లేదు, ఫైలులో ఉన్న సమయాన్నే అది నమ్ముతుంది. ఒక ఫైలు సమయాన్ని మొత్తంగా జరిపే ఆదేశం కూడా దానిలో ఉంది, నాకు అప్పటికి తెలియదు. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్‌లో టైమ్‌జోన్ల వివరాలుండే టీజెడ్‌డేటా ప్యాకేజీ ఉండదు కనుక, ఆసియా కోల్‌కతా అని టీజెడ్ (టైమ్‌జోన్) సెట్టింగులో రాసినంత మాత్రాన పని జరగదని కూడా ఆ రాత్రే నేర్చుకున్నాను. అప్పటి నుంచి అన్ని కంటైనర్లూ యూటీసీలోనే రాయాలని నియమం పెట్టుకున్నాం.

డాకర్ లాగ్స్ అనే ఆదేశం ఇచ్చే వరుసలను నేరుగా ఎల్‌నావ్‌కు పంపేటప్పుడు (పైప్) స్టాండర్డ్ ఎర్రర్‌ను, అంటే ఎర్రర్ సందేశాలు వెళ్లే వేరే ప్రవాహాన్ని కూడా కలపాలి, లేకపోతే ముఖ్యమైన వరుసలే ఎల్‌నావ్‌కు చేరవు. పెద్ద ఫైళ్లకు మాత్రం మెమరీ ఉదారంగా ఇవ్వాలి. నేను 256 ఎంబీ పరిమితి పెట్టిన కంటైనర్ ఒక భారీ ఫైలు తెరవగానే 137 ఎగ్జిట్ కోడ్‌తో (బలవంతంగా ఆపేశారని అర్థం) ఆగిపోయింది. పరిమితి ఒక జీబీకి పెంచాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.