జువెనైల్ జస్టిసా, వెన్ దే సీ అస్సా: లోపల పడ్డ పిల్లల్ని ఏది సరిగ్గా చూపించింది?

రెండూ నెట్‌ఫ్లిక్స్‌వే. జువెనైల్ జస్టిస్ 2022లో వచ్చిన కొరియన్ సిరీస్, పది ఎపిసోడ్లు. వెన్ దే సీ అస్ 2019లో అమెరికన్ దర్శకురాలు అవా డువెర్నే తీసింది, నాలుగే ఎపిసోడ్లు, కానీ ఒక్కోటి అయ్యాక కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. స్క్రీన్‌ప్లే, మ్యూజిక్ జోలికి పోను, కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు ఎలాంటోళ్లో ఏది బాగా చూపించిందనేదే నా గోల.

జువెనైల్ జస్టిస్‌లో మనం కూర్చునేది జడ్జి కుర్చీలో. కిమ్ హే-సూ చేసిన ఆ జడ్జికి బాల నేరస్తులంటేనే అసహ్యం, ఆ మాట మొహమాటం లేకుండా అనేస్తుంది కూడా. అక్కడి చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండకపోతే జైలు శిక్ష ఉండదు, మహా అయితే సంస్కరణ గృహంలో 2 ఏళ్లు, సిరీస్ కోపమంతా దాని మీదే. ఇందులో పిల్లల మధ్య తేడా ఒంటి రంగులో కాదు, ఇంట్లో ఉంటుంది: తండ్రి చేతిలో దెబ్బలు తినే అమ్మాయి, ఎగ్జామ్ పేపర్ లీక్ చేసుకునే బడాబాబుల పిల్లలు, ఒకావిడ నడిపే హోమ్‌లో ఉండే ఆడపిల్లలు. ఆడపిల్లలకి ఇంత చోటివ్వడం నాకు నచ్చింది. ఇంకో విచిత్రం, మొదటి కేసులో 13 ఏళ్ల అబ్బాయిగా చేసింది లీ యోన్ అనే అమ్మాయి, అప్పటికే ఇరవైల్లో ఉంది! తెలిశాక మళ్లీ వెనక్కెళ్లి చూశా, అయినా నమ్మకం కుదర్లేదు.

ఇబ్బంది ఏంటంటే తీర్పు వచ్చిందంటే దాదాపు ఆ పిల్లాడి కథ అయిపోయినట్టే, తర్వాతి ఫైల్ తెరుచుకుంటుంది.

వెన్ దే సీ అస్‌లో కుర్చీ మారిపోతుంది, మనం పిల్లల పక్కన కూర్చుంటాం. 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో జాగింగ్ చేస్తున్న ఒకామె మీద జరిగిన అత్యాచారం కేసులో పోలీసులు పట్టుకున్న అయిదుగురు, నల్లజాతి, లాటినో పిల్లలు, వయసు 14 నుంచి 16. ఇక్కడ వాళ్ల రంగు తీసేస్తే కథే లేదు, అసలు వాళ్లని పట్టుకోవడానికే అదొక కారణం కాబట్టి, ఏదో అన్ని రకాల మొహాలూ ఉండాలి కదా అని పెట్టిన క్యాస్టింగ్ కాదిది. నలుగురు జువెనైల్‌కి, అంటే పిల్లల్ని పెట్టే చోటికి వెళ్తే, 16 ఏళ్లున్న కోరీ వైజ్‌ని మాత్రం పెద్దవాళ్ల జైల్లో పడేశారు. చివరికి 2002లో అసలు దోషి ఒప్పుకున్నాక అందరి శిక్షలూ కొట్టేశారు. మిగతా నలుగురికీ చిన్నప్పుడొకరు, పెద్దయ్యాక ఒకరు నటించారు గానీ కోరీని రెండు వయసుల్లోనూ జారెల్ జెరోమే చేసి ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) కొట్టాడు. కోరీ అక్క మార్సీ ట్రాన్స్ మహిళ, ఆ పాత్ర ఐసిస్ కింగ్ చేసింది, తనూ ట్రాన్సే. ఉన్నది కొన్ని సీన్లే, అయినా వేరే ఎవరో వేషం వేసినట్టు ఉండదు.

లోపం లేదా అంటే ఉంది. ఆ నలుగురి జువెనైల్ రోజులు గబగబా దాటేసి పెద్దయ్యాక బయటికొచ్చిన కష్టాల్లోకి వెళ్లిపోతుంది. లోపలున్న ఆడపిల్లల ఊసే లేదు.

నన్నడిగితే వెన్ దే సీ అస్‌కే ఓటు, ఎందుకంటే అందులో ఆ పిల్లలు ఎవరి ఫైల్లోనో కేసు నంబర్లు కారు. బాధితుల వైపు నుంచి, ఆడపిల్లల వైపు నుంచి చూడాలనుకుంటే మాత్రం కొరియన్‌దే పెట్టుకోండి. ఏది ముందు చూసినా సరే, కోరీ కథ మొత్తం ఉన్న ఆ నాలుగో ఎపిసోడ్ రాత్రి పడుకునే ముందు పెట్టకండి, నేను పెట్టి తెల్లారేదాకా మేలుకున్నా.