కాలి సిర ఆపరేషన్: సర్జన్‌కి ఐదు స్టార్లు, ఫార్మసీకి ఒకటే

ఆసుపత్రి పేరు రాయను. కింద ఫార్మసీని నాలుగు మాటలు అనబోతున్నాను, పేరు పెడితే సర్జన్‌ని కూడా కలిపి తిట్టినట్టవుతుంది. విజయవాడలో వాస్కులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్, ఉన్న ఒక ఆసుపత్రి అనుకోండి.

మా తమ్ముడు అల్యూమినియం పార్టిషన్ల షాపులో పనిచేస్తాడు. గాజు పలక జారి మోకాలి వెనక గుంటలో దిగింది. అదృష్టం, ధమనికి ఏమీ కాలేదు. దాన్ని ఆనుకుని ఉండే పెద్ద సిర, పాప్లిటియల్ వెయిన్ అంటారు, అది తెగింది. పిక్కలోంచి పైకి వెళ్ళే రక్తానికి ముఖ్యమైన దారి అదే.

సర్జన్ దగ్గర నాకు నచ్చింది ఆపరేషన్‌కి ముందు మాట్లాడిన తీరు. సంతకాల కాగితం వెనక్కి తిప్పి పెన్నుతో కాలు గీశారు. “సిరని రెండు వైపులా ముడేసి వదిలేయొచ్చమ్మా. ప్రాణం మీదికొస్తే అదే చేస్తాం. ఇతని బీపీ బాగానే ఉంది కాబట్టి బాగుచేసి చూస్తాను” అన్నారు. మధ్యలో ముక్క బాగా పాడైతే రెండో కాల్లోంచి పైసిర, అంటే చర్మం కిందే ఉండే సిర, తీసి అతుకుతారట. బాగున్న కాలు కోయడమేంటని నాన్న అడ్డం తిరిగారు. దెబ్బ తిన్న కాల్లో లోపలి సిర రేపు మూసుకుపోతే రక్తం వెనక్కి వెళ్ళడానికి ఆ కాలి పైసిరే దిక్కు, దాన్నీ తీసేస్తే ఎలా అని ఆయన అడిగేసరికి నాన్న మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు. చివరికి అతుకు అవసరం పడలేదు, కుట్లతోనే సరిపోయింది.

ఒకప్పుడు ఇలాంటి సిరల్ని ముడేసేయడమే రివాజట. కుడితే అక్కడ గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికుల రికార్డులు చూసి, కుట్టినంత మాత్రాన ఆ ప్రమాదం పెరగలేదని చెప్పింది అమెరికా సైనిక సర్జన్ నార్మన్ రిచ్. ఇదంతా వార్డులో నిద్రపట్టక ఫోన్‌లో చదివాను.

గడ్డ భయం అసలు లేదని కాదు. సిర లోపలి పొర దెబ్బతింది, కాలు కదలదు, రక్తం మెల్లగా నడుస్తుంది, గడ్డకట్టడానికి ఇంకేం కావాలి? రక్తం ఆగాలని ఆపరేషన్ చేసి మళ్ళీ గడ్డకట్టనివ్వని ఇంజెక్షన్ పొడవడమేంటని మా పిన్ని డ్యూటీ డాక్టర్‌తో వాదనకి దిగింది. పాపం ఆయన ఓపిగ్గానే చెప్పాడు. రాత్రంతా సిస్టర్లు వచ్చి పిక్క నొక్కి చూసేవారు, వేళ్ళు ఆడించమనేవారు. పిక్క బిగిసిపోతే వెంటనే కోసి ఒత్తిడి తగ్గించాలట. ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

ఆ గడ్డకట్టనివ్వని ఇంజెక్షన్, ఎనాక్సపారిన్, ఇంటి దగ్గర ఎలా చేయాలో నేర్పింది ఒక శ్రీకాకుళం అమ్మాయి. “అక్కా, సిరంజిలో గాలి బుడగ తీయకు, అలాగే వదిలెయ్. బొడ్డుకి రెండంగుళాలు పక్కగా చర్మం మడతపట్టి నిటారుగా గుచ్చు. తర్వాత రుద్దకు, కమిలిపోద్ది.” తన ముందే నాతో ఒకసారి చేయించింది. ఈ ఆసుపత్రికి నా ఓటు ఆ అమ్మాయి వల్లే.

ఇక ఫార్మసీ. తొడ దాకా వేసుకునే కంప్రెషన్ స్టాకింగ్స్ రాశారు. కౌంటర్‌లో అబ్బాయి టేపు ముట్టుకోలేదు, “ఎంత లావుంటారండీ?” అని అడిగి లార్జ్ ఇచ్చేశాడు. అది తొడ మీద నిలవక మోకాలి కింద చుట్ట చుట్టుకుపోయి, సరిగ్గా పిక్క పైన తాడు బిగించినట్టు పట్టేసింది. రక్తం పైకి వెళ్ళడానికి వేసే వస్తువు దారికి అడ్డం పడింది. రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ చూసి వెంటనే తీయించారు. చీలమండ, పిక్క, తొడ, మూడూ కొలవాలి, అదీ పొద్దున్నే వాపు లేనప్పుడు. మార్చమంటే “ప్యాకెట్ విప్పేశారు కదా” అన్నారు. మళ్ళీ కొన్నాం. మే నెల విజయవాడ ఎండలో అది తొడగడం ఒక యుద్ధం. ముందు పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి, దాని మీదుగా స్టాకింగ్ లాగి, వేళ్ళ దగ్గర ఖాళీ లోంచి కవర్ బయటికి లాగేస్తే సులువు. మంచం దిగకముందే వేసుకోవాలి.

డిశ్చార్జ్ కాగితం మొత్తం ఇంగ్లీషే, అది కూడా బాగాలేదు. గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్ర వాడేటప్పుడు ఐఎన్ఆర్ (రక్తం ఎంత మెల్లగా గడ్డకడుతోందో చూసే పరీక్ష) రెండుకీ మూడుకీ మధ్య ఉండాలని రాశారు, సరే. గోంగూర, తోటకూర మానేయక్కర్లేదు, వారం వారం ఒకేలా తింటే చాలని అడిగితేనే చెప్పారు. పథ్యం పేరుతో ఆకుకూరలన్నీ ఆపేసి, తర్వాత ఒక్కసారిగా తింటే మందు లెక్క తప్పుతుంది. డాక్టర్‌ని అడక్కుండా నొప్పి మాత్రలు వేసుకోవద్దు, ఆర్ఎంపీ దగ్గర నడుముకి సూది వేయించుకోవద్దు, కాలికి ఆముదం పెట్టి మర్దన చేయొద్దు, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే ఓపీ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. ఇవి తెలుగులో రాసి ఇస్తే ఏం పోయింది?

డాప్లర్ గది, అంటే సిరల్లో రక్తం నడక చూసే స్కాన్ గది, బాగుంది. స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు. ప్రోబ్‌తో నొక్కితే మంచి సిర చదునుగా అణిగిపోతుంది, గడ్డ ఉంటే అణగదు. తమ్ముడిది అణిగింది. సాయంత్రాలు కొంచెం వాపు ఉంటోంది, అంతే.

మొత్తానికి నాలుగు స్టార్లు. వెళ్ళేవాళ్ళు స్టాకింగ్స్ మాత్రం బయట కొలిచి ఇచ్చే సర్జికల్ షాపులో కొనుక్కోండి. డాప్లర్‌కి పొద్దున్నే టోకెన్ తీసుకోండి, పదకొండు దాటితే మధ్యాహ్నం దాకా కూర్చోబెడతారు.