విండోస్ 11లో యాక్టివ్ అవర్స్: రీస్టార్ట్ గోల ఎంత తగ్గుతుంది?

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, దాని కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే యాక్టివ్ అవర్స్ ఉంటుంది, అంటే అప్‌డేట్ కోసం విండోస్ తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఉండే వేళలు. ఆటోమేటిక్‌గా వదిలేయకండి; మాన్యువల్‌కు మార్చి మీ పని వేళలు మీరే పెట్టండి. ఆఫీసు పనికి ఇది చక్కగా సరిపోతుంది.

కానీ గరిష్ఠం 18 గంటలే. రాత్రంతా వీడియో రెండరింగ్ నడిపేవాళ్లకు మిగిలిన 6 గంటల్లోనే దెబ్బ పడుతుంది. అసలు లోపం ఇదే. అలాంటి పని ఉంటే ముందే అప్‌డేట్లను పాజ్ చేయాలి. రీస్టార్ట్ అప్పటికే పెండింగ్‌లో ఉంటే పాజ్‌ను నమ్ముకోకుండా, రీస్టార్ట్ చేసేశాకే పని మొదలుపెట్టండి. నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ రెండో మంగళవారం వస్తుంది, మనకు రాత్రి పదిన్నర దాటాక.

ప్రో ఎడిషన్‌లో ఇలాంటి సెట్టింగ్స్‌ను ఇంకా లోతుగా మార్చుకునే గ్రూప్ పాలసీ ఎడిటర్ కూడా ఉంది, హోమ్‌ ఎడిషన్‌లో ఆ ఎడిటర్ ఇవ్వలేదు. ఇవ్వాల్సింది. రీస్టార్ట్ అవసరమైనప్పుడు తెలియజేసే నోటిఫికేషన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి.