కడపలో ఆదివారం సాయంత్రం బైబిల్ క్లాస్: 3.5/5

సెవెన్ రోడ్స్ దగ్గర ఒక చర్చి వాళ్లు పెట్టినారు, ఫీజు లేదు, టాపిక్ ఏమంటే యేసు తిరిగి లేచినాడని చూసినోళ్ల సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని. అయ్యగారు 1 కొరింథీ 15 (బైబిల్లో కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం, 15వ అధ్యాయం) బాగా చెప్పినారు, తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు ఆ ఉత్తరం రాసింది సుమారు క్రీ.శ. 55లో, అంటే సిలువ అయినాక పాతికేళ్లు అటూ ఇటూ, అయిదు వందల మందికి పైగా చూసినారు, చానామంది ఇంకా బతికే ఉన్నారు అంటాడు, పోయి అడుక్కోండి అన్నట్లే కదా. సరే, మరి ఆ అయిదు వందల్లో ఒక్కరి పేరన్నా లేదే, ఉన్నది పౌలు మాటే, ఇది అడిగితే టైమైపోయిందన్నారు!!

యేసు కథ చెప్పే సువార్తల్లో చూస్తే, సమాధి కాడికి పోయిన ఆడోళ్లు మార్కులో ముగ్గురు, మత్తయిలో ఇద్దరు, యోహానులో మగ్దలేనే మరియ పేరొక్కటే. కోర్టులో అయితే లాయరు వదుల్తాడా? అందరూ అచ్చుగుద్దినట్టు చెప్తే కూడబలుక్కున్నారు అనరా అన్నారు అయ్యగారు, ఆ పాయింట్ నాకు నచ్చింది. 1974లో లాఫ్టస్, పామర్ అనే సైకాలజీ పరిశోధకులు కార్ల యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించి ప్రశ్నలో ఒక్క మాట మారిస్తే జనం చెప్పే స్పీడే మారిపోయింది, జ్ఞాపకం గురించి క్లాస్ పెట్టి దాని ఊసే ఎత్తలేదు, హాఫ్ స్టార్ అందుకే కట్. ఫ్యాన్లు తక్కువ, మే నెలలో పోవద్దు. టీ సూపర్.