బోర్బన్ కోసం వెళ్తే రై ఎదురైంది

అక్టోబరులో సిన్సినాటిలోని అక్క ఇంటికి వెళ్ళినప్పుడు బోర్బన్ అనే అమెరికా విస్కీని కాయించే డిస్టిలరీలు చూడడానికి నాలుగు రోజులు కెంటకీ రాష్ట్రానికి కేటాయించుకున్నాను. అక్కడి నుంచి ఒహాయో నది దాటితే కెంటకీయే. లూయీవిల్ నగరం సుమారు నూరు మైళ్ళు. మొదటి రెండు రోజులు ఒక్కడినే తిరిగాను. తర్వాత సెలవు దొరికి బావగారు కారు వేసుకుని వచ్చారు. ఆయన మందు ముట్టరు, మాంసం తినరు. అయినా "నువ్వు రుచి చూడు, బండి నేను నడుపుతాను" అన్నారు. ఈ యాత్రలో నాకు జరిగిన పెద్ద మేలు అదే. డిస్టిలరీలు చాలావరకు ఊళ్ళకు దూరంగా, గుట్టల మధ్య మెలికల దారుల్లో ఉంటాయి. తాగినవారు ఆ దారుల్లో బండి తోలకూడదు.

లూయీవిల్‌లో మెయిన్ స్ట్రీట్ చాలు. విస్కీ రో అనే ఆ వీధిలో నడుచుకుంటూనే రెండు మూడు చోట్లు చూడవచ్చు. నేను ఎక్కువసేపు గడిపింది ఓల్డ్ ఫారెస్టర్ డిస్టిలరీలో. సీసాల కంటే ముందు అక్కడ పీపాలు చూడాలి. బోర్బన్ అనాలంటే కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని, లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే నిల్వ చేయాలని అమెరికా చట్టం. ఆ కాల్చడమెలాగో అక్కడ కళ్ళారా చూశాను. ఓక్ పలకలను ఇనుప కట్లతో బిగించిన పీపా, రెండు వైపులా మూతలు లేకుండా నిలబడి ఉంది. కింద నుంచి మంట అందుకుంది. క్షణాల్లో పీపా గొట్టమంతా జ్వాల అయిపోయింది. నీళ్ళు చల్లి ఆర్పాక లోపల తొంగిచూస్తే చెక్క మొసలి చర్మంలా గళ్ళుగళ్ళుగా పగిలి, నల్లగా నిగనిగలాడుతోంది. అందులోంచి వచ్చింది పొగ కంపు కాదు, బెల్లం పాకం ముదిరేటప్పటి వాసన. విస్కీ రంగు మొత్తం, రుచిలో పెద్ద భాగం ఈ కాలిన చెక్క నుంచి రావలసిందే. స్ట్రెయిట్ అని రాసిన బోర్బన్‌లో రంగుకూ రుచికీ బయటివేవీ కలపకూడదు. ఒకసారి బోర్బన్ పోసిన పీపా మళ్ళీ బోర్బన్‌కు పనికిరాదు కనుక, అలాంటి పీపాలు వేలకొద్దీ స్కాట్లాండ్‌కు వెళ్తాయి.

నేను దిగిన నగరం నడిబొడ్డు హోటల్ మాత్రం నచ్చలేదు. గది శుభ్రంగానే ఉంది. కానీ గది అద్దె చూసి కట్టాక, వెళ్ళే రోజు ఇంకేవేవో రుసుములు బిల్లులో చేర్చారు. ముందే అడిగి రాయించుకోవలసింది.

రెండో రోజు డ్రైవరుతో సహా వ్యాను సీటు కొనుక్కున్నాను. ఒంటరిగా వెళ్ళేవారికి అది సురక్షితం, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఒక్క రోజులో నాలుగు డిస్టిలరీలు చూపిస్తామన్నది గొప్పగా వినిపించినా, మూడోదానికి వచ్చేసరికి నాలుక మొద్దుబారింది. ఎక్కడా గైడును నాలుగు ప్రశ్నలు అడిగే తీరిక లేదు. రోజుకు రెండు చాలని నా గట్టి అభిప్రాయం. ఆ రోజు మనసులో నిలిచింది వుడ్‌ఫర్డ్ రిజర్వ్. వర్సెయిల్స్ అనే ఊరి దగ్గర, గుర్రాల పచ్చిక మైదానాల నడుమ రాతి కట్టడాలు, లోపల మూడు పెద్ద రాగి బట్టీలు. రసాయన శాస్త్రం చదివిన జేమ్స్ క్రో 19వ శతాబ్దంలో పని చేసిన చోటిది. ఒక బట్టీ దిగాక మిగిలే పుల్లటి కుడితిని కొంత తీసి తర్వాతి పిండిలో కలిపే పద్ధతిని ఆయన ఇక్కడ కచ్చితంగా కొలతలతో కుదిర్చాడు. పులియబెట్టే తొట్టి మీద వంగితే నాకు మొక్కజొన్న గటక గుర్తొచ్చింది. పొయ్యి మీద నుంచి దించి మర్నాటిదాకా ఉంచితే ఎలా పులుస్తుందో అచ్చం ఆ వాసన.

బావగారు రావడంతో బార్డ్స్‌టౌన్‌కు మారాం. రెండు రాత్రులు ఒక పాతకాలపు ఇంట్లో ఉన్నాం. పెద్దవయసు దంపతులు నడుపుతున్నారు. మెట్లు కిర్రుమంటాయి, స్నానాల గది చిన్నది, అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. బావగారు మాంసం తినరని చెప్పగానే ఇంటావిడ మర్నాటి ఉదయం వెన్న వేసిన గ్రిట్స్ విడిగా వండి పెట్టింది. అది మొక్కజొన్న రవ్వతో చేసిన పల్చని ఉప్మాలాంటిది. మా అక్క ఇచ్చిన ఆవకాయ సీసా బావగారు తీశారు. ఇంటావిడ కూడా కొసరుగా రుచి చూసి రెండోసారి వడ్డించుకుంది.

ఊరి చుట్టూ కొండవాలుల మీద ఏడెనిమిది అంతస్తుల గోదాములు కనిపిస్తాయి. వాటి గోడలూ దగ్గరి చెట్ల మొదళ్ళూ నల్లగా ఉంటే మసి అనుకున్నాను. పీపాల చెక్కలోంచి ఆవిరయ్యే మద్యం మీద బతికే బూజు అది. అలా ఆవిరైపోయేదాన్ని అక్కడివారు దేవదూతల వాటా అంటారు. ఈ ఊళ్ళోనే 1996 నవంబరులో హెవెన్ హిల్ డిస్టిలరీ గోదాములు అంటుకుని సుమారు 90,000 పీపాలు కాలిపోయాయి. ఇప్పుడు వారి సందర్శకుల కేంద్రంలో తీరిగ్గా కూర్చోబెట్టి రుచి చూపిస్తారు. అక్కడే నాకు రై ఎదురైంది.

రై ఒక ధాన్యం. చలిని తట్టుకుంటుంది. రై విస్కీలో అది కనీసం 51 శాతం ఉండాలి. బోర్బన్ తియ్యగా, పాకంలా నాలుక మీద పరుచుకుంటే, రై మిరియమూ సొంపూ కలిపి నమిలినట్టు ఘాటుగా లేచి, గొంతు దిగాక చల్లబడుతుంది. రిటెన్‌హౌస్ అనే రై నాలుగు చుక్కలు నాలుక మీద పడగానే, ఇన్నాళ్ళూ దీన్ని ఎందుకు పట్టించుకోలేదా అనిపించింది. పెన్సిల్వేనియా, మేరీలాండ్ రాష్ట్రాలు ఒకప్పుడు రైకి పుట్టినిళ్ళు. జార్జ్ వాషింగ్టన్ తన ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌లో కాయించింది కూడా ఎక్కువగా రైతోనే. 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం ఆ పరిశ్రమను దెబ్బతీసింది. ఫిలడెల్ఫియాలో పుట్టిన రిటెన్‌హౌస్ ఇప్పుడు కెంటకీలో తయారవుతోంది. బోర్బన్‌కు వచ్చినంత పేరు దీనికి రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

లోరెట్టోలోని మేకర్స్ మార్క్ డిస్టిలరీకి దారి చుట్టూ తిరిగి వెళ్ళినా చూడదగినదే. నల్లటి కట్టడాలు, ఎర్రటి కిటికీ తలుపులు, పక్కన వాగు. బోర్బన్‌లో మొక్కజొన్నకు తోడుగా వేసే రై బదులు వీరు గోధుమ వాడతారు, అందుకే మెత్తగా ఉంటుంది. కొన్న సీసాను ఏప్రాన్ కట్టుకుని మనమే కరిగిన ఎర్ర లక్కలో ముంచుకోవచ్చు. నా బదులు బావగారు ముంచారు. చివరి రోజు ఫ్రాంక్‌ఫర్ట్‌లో బఫెలో ట్రేస్ చూశాం. అక్కడ సందర్శనకు రుసుము లేదు, కానీ ముందే పేరు నమోదు చేసుకోవాలి. పీపాలో పోయకముందు మద్యం నీళ్ళలా తెల్లగా ఉంటుంది. గైడు రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్దుకోమన్నాడు. మద్యం ఎగిరిపోయాక చేతిలో మిగిలింది ఉడికిన మొక్కజొన్న పొత్తు వాసన. బావగారు కూడా చేయి చాచి వాసన చూశారు.

ఇక కొనుగోలు. బ్లాంటన్స్ వంటి పేరుమోసిన సీసాల కోసం ఎక్కడ చూసినా వేట సాగుతోంది. లూయీవిల్‌లో ఒక దుకాణం అలాంటిదాన్ని మామూలు ధరకు మూడింతలకు అమ్ముతోంది. అలాంటి చోట కొనవద్దనే చెబుతాను. సీసా మీది చీటీ చదవడం నేర్చుకుంటే అంతకంటే మేలు. స్ట్రెయిట్ అని ఉంటే కనీసం రెండేళ్ళు పీపాలో ఉన్నట్టు, దానితోపాటు వయసు రాయకపోతే నాలుగేళ్ళకు తగ్గనట్టు. బాటిల్డ్ ఇన్ బాండ్ అంటే 1897 నాటి చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీలో, ఒకే కాలంలో తీసి, ప్రభుత్వ అజమాయిషీలో కనీసం నాలుగేళ్ళు ఉంచి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్ దగ్గర నింపినది. ఆ మూడు మాటలున్న సీసాలు సాధారణంగా అందుబాటు ధరలోనే దొరుకుతాయి. రై కొనేటప్పుడు ఎక్కడ తీశారో కూడా చూడండి. వేర్వేరు పేర్లతో వచ్చే రై సీసాలు చాలావరకు ఇండియానా రాష్ట్రంలోని ఒకే పెద్ద డిస్టిలరీవి. రుచికి లోటేమీ లేదు, కానీ తెలిసి కొనాలి.

భారత్‌కు సుంకం లేకుండా తెచ్చుకోగలిగింది రెండు లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు మూడు కొంటే పరిమితి దాటుతుంది. అందుకే మేకర్స్ మార్క్ ఒకటి, రిటెన్‌హౌస్ రై ఒకటి, ఆ తెల్లటి పచ్చి మద్యం 375 మిల్లీలీటర్ల చిన్న సీసా ఒకటి తీసుకున్నాను. ఆల్కహాల్ 70 శాతం దాటిన మద్యాన్ని విమానంలో అనుమతించరు, ఇవన్నీ ఆ లోపే. అక్క తన పాత నేత చీర చించి మూడింటినీ చుట్టి పెట్టెలో సర్దింది. హైదరాబాదులో విప్పి చూస్తే బావగారు ముంచిన లక్క అంచున చిన్న పెచ్చు ఊడింది, సీసాలు మాత్రం పదిలంగా ఉన్నాయి. రై సీసా మూత ఇంకా తీయలేదు. సంక్రాంతికి అక్కా బావగారూ వస్తున్నారు.